మల్లన్న పేర విడిచిన కుక్క

కడాయిలో పసుపు ఉడికిందో లేదో నాగవ్వ వెదురు పుల్లతో చూస్తుంది. పుల్ల కొమ్ములోకి ఆగకుండా దిగితే ఉడికినట్టు. ఆ సాయంత్రం సగం దిగి ఆగింది. "ఇంకింత మంట గావాలె" అనుకుంటూ పొయ్యిలోకి ఎండిన చెరుకాకు తోసింది. ఆకు భగ్గున అంటుకుంది. పొగ కళ్ళమంతా కమ్మింది. ఆ పొగలోంచే కళ్ళం యజమాని దేవన్న పటేలు వచ్చాడు. ఆయన చేతుల్లో అంజవ్వ ఉంది. పిల్ల పిక్కకు ఆయన తలగుడ్డ చుట్టి ఉంది. తెల్లటి గుడ్డ సగం ఎర్రబడింది.

నాగవ్వ పుల్ల పారేసి ఉరికింది.

"ఏమైంది పటేలా? నా బిడ్డకేమైంది?"

"కుక్క గరిసింది. ఒర్రకు, పిల్ల బెదురుతది" అన్నాడు దేవన్న.

పిల్లను నులక మంచం మీద పడుకోబెట్టి, తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కోసాగాడు. ఎంతసేపు కడిగినా ఆయనకు తృప్తి కలిగినట్టు లేదు. లోపలినుంచి ఆయన భార్య హన్మవ్వ కారప్పొడి, మంచినూనె పట్టుకొని వచ్చింది. గుడ్డ విప్పితే పళ్ళు దిగిన చోట్లు నల్లగా, లోతుగా కనిపించాయి. కారం అద్దగానే అంజవ్వ విల్లులా వంగింది.

"ఏ కుక్క, పటేలా?" అంది నాగవ్వ, పిల్ల మోకాళ్ళు అదిమి పట్టి.

దేవన్న ధోతి అంచుతో చేతులు తుడుచుకున్నాడు. "బంగ్లా కుక్క. గా సీమకుక్కనే. నేను వోయేటాల్లకు చెరుకుల వడి బంగ్లా దిక్కు ఉరికింది."

"వాని సీమకుక్క మీద మన్నువొయ్య" అంది హన్మవ్వ. "పోయిన వానకాలంల పోస్టు జవానును గరిస్తె, జాతికుక్క గట్లనే ఉంటదని నవ్విండట ఆ బంగ్లా దొర. గిప్పుడు పసిపిల్ల మీదికొచ్చింది."

నాగవ్వ పిల్ల చెంపలు తుడిచింది. "బంగ్లా కుక్కనేనా బిడ్డా?"

అంజవ్వ తల్లి వైపు చూడలేదు. తొట్టి దగ్గర నిలబడ్డ దేవన్న వైపు చూసి, తలూపింది.

మోస్రాకు ఇవతల ఉన్న ఆ ఊళ్ళో దేవన్న ఒక మాట అన్నాడంటే దాన్ని ఇంకొకర్ని అడిగి తెలుసుకునేవాళ్ళు లేరు. ఆదివారం మల్లన్న భజన ఆయన తాళం అందుకోనిదే మొదలు కాదు. నాగవ్వ పెనిమిటి లింబయ్య చెరుకు బండి తోలుకొని బోధన్ పోయి ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో ఉన్నాడు. ఎప్పుడు వస్తాడో తెలియదు. అటువంటప్పుడు ఆమెకు తండ్రైనా అన్నైనా దేవన్నే.

ఆ సందడిలో పసుపు ఎక్కువ ఉడికి మెత్తబడింది. దేవన్న ఒక్క మాట కూడా అనలేదు. ఆయన మంచితనానికి నాగవ్వ కళ్ళు నిండాయి.

*

మర్నాడు పొద్దున్నే ఆమె బంగ్లా గేటు పట్టుకుంది. చెరుకు బండ్ల కాంట్రాక్టు చేసే లక్ష్మీరాజం వరండాలో రేడియో పెట్టుకొని చాయ్ తాగుతున్నాడు. వేపచెట్టుకు ఇనుప గొలుసుతో కట్టిన సీమకుక్క ఆమెను చూసి ముందరి కాళ్ళెత్తి మొరిగింది.

"దొరా! నీ కుక్క నా బిడ్డ పిక్క చీరింది. బయటికొచ్చి జవాబు జెప్పు."

"ఎప్పుడు?" అన్నాడు లక్ష్మీరాజం లేవకుండానే.

"నిన్న పొద్దుమూకంగ."

"నిన్న నా టైగర్ గొలుసుకే ఉన్నది. ఏయ్ దేవిదాస్, కట్టే ఉండె గద?"

కుక్కకు గంజి పోస్తున్న కావలి మనిషి దేవిదాస్ లేచి నిలబడ్డాడు. మహారాష్ట్ర దిక్కునుంచి వచ్చినవాడు, తల నెరిసినవాడు. "కట్టే ఉండె సర్కార్."

"గొలుసుకుంటె పోస్టు జవాను పిక్క ఎట్ల చీలిందో? గొలుసు గూడ ఉరికిందా?" అంది నాగవ్వ. చెరుకు నరకడానికి పోతూ రోడ్డుమీద ఆగిన కూలీలు గొల్లున నవ్వారు.

లక్ష్మీరాజం మొహం ముడుచుకుంది. "అప్పటి ముచ్చట వేరు. కరిసిన ప్రతి కుక్క నాదే అంటె ఎట్ల? మీ ఊర్ల దేవుని కుక్క ఉన్నది గద. నిరుడు మేకపిల్లను సంపితె ఏమన్నరు? మల్లన్నకు మేక మీద మనసైందని నవ్వుకున్నరు. దాన్నడుగుండ్రి."

"దేవుని కుక్కను గీ నోటితోని అనకు దొరా. పాపం తగుల్తది. దేవన్న పటేలు కండ్లార సూసిండు, నీ కుక్క గిటే ఉరికిందట."

ఆ మాటకు లక్ష్మీరాజం గ్లాసు కిందపెట్టాడు. "దేవన్న చెప్పిండా?"

"పిల్లను ఎత్తుకొచ్చిందే ఆయన."

లక్ష్మీరాజం దేవిదాస్ వైపు తిరిగాడు. "నిజం జెప్పురా ముసలోడా. తిప్పెటందుకు విడిచి బీడీ తాగుకుంట కూసున్నవా?" దేవిదాస్ గంజి గిన్నె పట్టుకొని అలాగే నిలబడ్డాడు. తన మాట మీద తనకే నమ్మకం లేనివాడిలా గొలుసు కొక్కెం వైపు చూశాడు.

బోధన్‌లో డాక్టరు దగ్గరికి నాగవ్వను, పిల్లను దేవన్నే తీసుకుపోయాడు. ఎర్ర బస్సులో పిల్లను తన ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాడు. డాక్టరు గాయాన్ని సబ్బు నీళ్ళతో కడిగి, కారం ఎందుకు పెట్టారని కసిరి, కుక్క సంగతి అడిగాడు.

"పెంపుడు కుక్కేనా? కనిపిస్తుందా రోజూ?"

"కనిపిస్తది సారు. గొలుసుకుంటది" అంది నాగవ్వ.

"అయితే పది రోజులు దాన్ని చూడండి. తిండి తిని, నీళ్ళు తాగి, మామూలుగా ఉంటే భయం లేదు. తేడా కనిపించిందా, ఆ రోజే నిజామాబాద్ పెద్ద దవాఖానకు పొండి. పొట్టలో పద్నాలుగు సూదులు. ఒక్కోసారి ఆ మందుతోనే కాళ్ళూ చేతులూ పడిపోతాయి, అందుకే అవసరం లేకుండా వేయరు. కానీ పిచ్చికుక్క కాటుకు సూది పడకపోతే మనిషి బతకడు. అర్థమైందా? కరిచిన కుక్క అదే కదా? బాగా తెలుసు కదా?"

నాగవ్వ దేవన్న వైపు చూసింది. "నువ్వు సూసినవు గద పటేలా."

దేవన్న బల్లమీది సీసాల వైపు చూస్తున్నాడు. "అదే సారు" అన్నాడు. మళ్ళీ అన్నాడు, "అదే."

*

ఆ రోజునుంచి నాగవ్వ పొద్దున పనిలోకి పోయేముందు, సాయంత్రం పని దిగాక బంగ్లా గేటు దగ్గర నిలబడేది. లక్ష్మీరాజం వద్దనలేదు. తప్పు తనదేనని ఒప్పుకోలేదు కూడా. గొలుసు మాత్రం కురచ చేయించాడు.

దేవిదాస్ జొన్న గటకలో మాంసపు నీళ్ళు కలిపి పళ్ళెంలో పోసేవాడు. కుక్క గబగబా నాకుతుంటే నాగవ్వ దాని మెడ కండరాల వైపే చూసేది. తర్వాత నీళ్ళు. నీళ్ళ దగ్గరే ఆమె ఊపిరి ఆగేది. ఎర్ర నాలుక నీళ్ళలో ఆడుతూ చప్పుడు చేస్తే చేతులు జోడించేది. 'మల్లన్నా, దీనికి దూప కావాలె తండ్రీ, నీళ్ళు తాగాలె. ఇది సల్లగుండాలె.' తన బిడ్డను కరిచిన కుక్క క్షేమం కోరి మొక్కడం ఆమెకే వింతగా తోచేది.

"నిన్ను సూసి రెండు గుక్కలు ఎక్కువ తాగుతది బాయీ" అన్నాడు దేవిదాస్ ఒకనాడు. "నువ్వు రాకపోతె నన్నే మొరుగుతది, నా సుట్టం రాలేదేందని."

పిల్లను కుక్క కరిచాక నాగవ్వ మొదటిసారి నవ్వింది.

దేవిదాస్ పళ్ళెం బోర్లిస్తూ నెమ్మదిగా అన్నాడు, "బాయీ, ఒక్క మాట. మీ పటేలు అబద్ధమాడడు. నాకు ఎరికే. గాని నేను గూడ ఆడలేదు. ఆనాడు కుక్క గొలుసుకే ఉండె."

"ఇద్దర్ల ఒకలు ఆడే ఉండాలె గద."

"గదే నాకు సమజైత లేదు" అన్నాడు ఆ ముసలాయన, తననే తప్పు పట్టుకుంటున్నట్టు.

కళ్ళంలో పని ఆగలేదు. ఉడికిన పసుపును ఆడవాళ్ళు గంపలతో మోసి ఎండలో పరుస్తున్నారు. ఎండినదాన్ని గోనెపట్టా మీద పోసి కాళ్ళతో రుద్దుతున్నారు. పసుపు పొట్టు లేచి అందరి కనుబొమలూ పచ్చబడ్డాయి. ఒక్క మార్పు మాత్రం వచ్చింది. చెరుకాకు తేవడానికి వెనక గుడిసెకు ఎవ్వరినీ పోనివ్వకుండా దేవన్నే మోపులు మోసుకొస్తున్నాడు.

"పటేలా, నువ్వు మోస్తె మాకు కూలెందుకు?" అని భూమవ్వ వేళాకోళమాడింది.

"గుడిసెల పాము కనవడ్డది. మీరు పోకుండ్రి" అన్నాడు ఆయన.

మల్లిగాడు కూడా కనిపించడం లేదు. వాడు దేవన్న ఇంటి ముందు తిరిగే నల్ల కుక్క. దేవన్న తండ్రి మొక్కుకున్న నాటినుంచి ఆ ఇంట్లో ఒక కుక్క మల్లన్న పేర విడిచినదై ఉంటుంది. ఒకటి పోతే ఇంకొక పిల్లను తెచ్చి విడుస్తారు. దానికి పగ్గం వేయరు, కర్ర ఎత్తరు. పొయ్యి మీది మొదటి రొట్టె దానిదే. ఆదివారం నొసట బండారి పెడతారు. మల్లన్న పసుపునే బండారి అంటారు. దారిలో పడుకుంటే మనుషులే తప్పుకొని పోతారు. అది ఎవరి కుక్క అని అడిగితే దేవన్న పైకి చూపి దండం పెట్టేవాడు.

"మల్లిగాడు ఏడవ్వా?" అని నాగవ్వ హన్మవ్వనడిగింది.

"జాతరకు పోయిండట. మీ పటేలు అంటడు" అంది హన్మవ్వ. "మనకు బండ్లు దొరకవు గని వాడు కాలినడకనే పోయిండు, పుణ్యాత్ముడు."

ఆదివారం భజనకు దేవన్న తాళం అందుకున్నాడు కాని, పాట ఎత్తుకోలేదు. గొంతు పట్టిందన్నాడు. చివర అందరికీ బండారి పెడుతూ నాగవ్వ దగ్గరికి వచ్చాడు. వేలితో ఆమె నొసట దిద్దాడు. "పిల్లకు ఏం గాదు బిడ్డా" అన్నాడు. నాగవ్వ వంగి ఆయన కాళ్ళకు మొక్కింది.

*

సోమవారం దేవన్న గోనెసంచుల కోసం పొద్దున్నే వర్ని పోయాడు. కడాయి నిండా పసుపుంది. ఆకు అయిపోయింది. మంట తగ్గితే కొమ్ములు సగం పచ్చిగా మిగిలి, ఎండలో పురుగు పడతాయి. పాముకు చప్పుడు చేసేందుకు కట్టె ఒకటి పట్టుకొని నాగవ్వ వెనక గుడిసెకు పోయింది.

తడిక పగ్గంతో బిగించి ఉంది. ముడి విప్పుతుంటే లోపల కట్టెను గీకుతున్న చప్పుడు వినిపించింది. తడిక జరిపి చూసింది.

గుడిసె నడిమి గుంజ నిట్టాడుకు బండి పగ్గంతో కట్టేసి ఉన్నాడు మల్లిగాడు.

ఆమెను చూసి తోక ఊపలేదు. కింది దవడ వేలాడుతోంది. నాలుక నల్లబడి పక్కకు జారింది. జొల్లు తీగలా నేల దాకా సాగుతోంది. నిట్టాడు మొదలంతా కొరికి, చెక్కలు చెక్కలుగా ఊడదీసి ఉంది. మొరగడానికి నోరు తెరిస్తే, గొంతులోంచి మనిషి దగ్గులాంటి చప్పుడొచ్చింది. ముందున్న కుండలో నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. కుండ పక్కన మూడు రొట్టెలున్నాయి. ఒకటి రాయిలా ఎండింది, ఒకటి వంకర తిరిగింది, ఒకటి ఇంకా మెత్తగా ఉంది.

నాగవ్వ తడిక మూసి ముడి వేసింది. వేళ్ళు తమంతట తామే వేశాయి. ఆమె కట్టె పట్టుకొని ఎండలో నిలబడింది.

కుండలోవి పొద్దున పోసిన నీళ్ళు. మెత్తటి రొట్టె పొద్దున పెట్టింది. అంటే పొద్దున ఆయన ఇక్కడికి వచ్చి, తడిక జరిపి, ఇది తింటుందా తాగుతుందా అని నిలబడి చూశాడు. నిన్న చూశాడు. మొన్న చూశాడు. తను బంగ్లా గేటు పట్టుకొని వేరే కుక్క నాలుకకేసి మొక్కుతున్న వేళకే ఆయన ఇక్కడ నిలబడి ఉన్నాడు.

కళ్ళంలోకి వచ్చి అంజవ్వ ముందు కూర్చుంది. పిల్ల పసుపు కొమ్ములతో ఇల్లు పేరుస్తోంది.

"అంజీ, నిన్ను గరిసింది మల్లిగాడా?"

అంజవ్వ రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. కళ్ళు మాత్రం పెద్దవయ్యాయి.

"సెప్పు బిడ్డా. నేను కొట్ట."

పిల్ల చేతులు తీయలేదు. తల అటూ ఇటూ ఊపి, ఏడవడం మొదలుపెట్టింది. నాగవ్వ ఇంక అడగలేదు.

దేవన్న బండి దిగేసరికి పొయ్యి చల్లారి ఉంది. ఆడవాళ్ళు పని మాని గుంపుగా నిలబడ్డారు. హన్మవ్వ గడపలో కూలబడి ఉంది. ఆమె కూడా గుడిసె దాకా పోయి చూసి వచ్చింది.

"పటేలా, గుడిసెల పాము లేదు" అంది నాగవ్వ.

ఆయన సంచుల కట్ట దించి, దాని మీదే కూర్చున్నాడు.

"అది నాది గాదు బిడ్డా. మల్లన్నది. నేను దానికి పగ్గమెయ్యరాదు."

"గిప్పుడు ఏసినవు గద."

"మంచిగుంటదనుకున్న. మల్లన్న కుక్క గరిసిందంటె ఊరు మల్లన్నను ఏమంటది? మా నాయన మొక్కు ఏమైతది? పది రోజులు సూద్దామనుకున్న. శుక్రారం దాక తిన్నది, నా తోడు."

"శుక్రారం దాక తిన్నది. శనారం?"

ఆయన సంచుల కట్ట తాడు సవరించాడు.

"శనారం తినలేదు. నిన్న తినలేదు. నిన్న నువ్వు నా నొసటికి బండారి వెట్టినవు పటేలా." ఆమె గొంతు పెరగలేదు. "పిల్లకేం గాదన్నవు. నేను నీ కాళ్ళు మొక్కిన. నీ కాళ్ళు అప్పుడే గుడిసెలకెళ్ళి వచ్చినయి."

"నాకన్న సెప్పకపోతివి" అంది హన్మవ్వ గడపలోంచి. "దాని వంతు రొట్టె నా చేతులతోనే చేయించి, నాకే జాతరని సెప్తివి. థూ, నీ భజన గాల్లో గలువ."

దేవన్న రెండు చేతులూ జోడించాడు. ఆ చేతులు దేవుడికో నాగవ్వకో తెలియలేదు. నాగవ్వ అటు చూడలేదు. పిల్లను చంకనెత్తుకొని రోడ్డెక్కింది. బంగ్లా ముందునుంచి పోతుంటే గేటు దగ్గర దేవిదాస్ లేచాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, "నీ మాటనే నిజం కాకా" అని మాత్రం అని, నడిచింది. ముసలాయన తలమీది టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

బస్సు వచ్చేసరికి దేవన్న కూడా స్టేజీ దగ్గరికి చేరాడు. తలగుడ్డ లేదు. ఆమె రావద్దనలేదు, రమ్మనలేదు. వెనక తలుపు దగ్గర నిలబడే ఆయన నిజామాబాద్ దాకా వచ్చాడు.

*

పెద్ద దవాఖానలో డాక్టరు గాయం చూశాడు. ఎండి, అంచులు పచ్చబడి ఉంది. ఎప్పుడు కరిచిందని అడిగాడు. నాగవ్వ చెప్పగానే పెన్ను ఆపాడు.

"వారం కావస్తోంది. ఇన్నాళ్ళు ఏం చేశారు?"

"వేరే కుక్కను సూసుకుంట కూసున్న సారు" అంది నాగవ్వ.

ఆయనకు అర్థం కాలేదు. "కుక్క ఎవరిది?"

గోడకానుకొని నిలబడ్డ దేవన్న పెదవులు తడుపుకున్నాడు. "మల్లన్నది సారు."

"ఏ మల్లన్న? ఏ ఊరు? ఆయన్ని రమ్మనండి. కుక్కను కట్టుకోవద్దా మనిషి? ఇంకెవర్నైనా కరిచిందేమో ఆయన్ని అడగాలి."

పక్క బల్ల మీద సూదులు మరగబెడుతున్న నర్సు కూడా తలెత్తి చూసింది. దేవన్న ఆ గదిలో ఉన్న మొహాలన్నీ చూశాడు. పైకి చూపడానికి లేచిన చెయ్యి ఛాతీ దగ్గరే ఆగింది.

"నాది సారు" అన్నాడు. "కుక్క నాది."

"అయితే నిలబడి చూస్తావేం? ఇటు రా. పిల్లను ఇద్దరు పట్టుకోవాలి."

నర్సు అంజవ్వ గౌను పైకి జరిపి పొట్టమీద దూదితో తుడిచింది. నాగవ్వ చేతులు పట్టుకుంది. దేవన్న కాళ్ళ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నాగవ్వకు ఆయన్ని నెట్టేయాలనిపించింది. లింబయ్య ఎక్కడో బండ్ల వరుసలో ఉన్నాడు. ఇంకో రెండు చేతులు కావాలి. అక్కడున్నవి ఆయనవే.

దేవన్నను చూడగానే అంజవ్వ మొహం విప్పారింది. తల్లి పట్టులోంచి ఒక చెయ్యి విడిపించుకొని ఆయన వేలు అందుకుంది.

"తాతా, నేను సెప్పలే" అంది గుసగుసగా. "అమ్మనే సూసింది. నేను నోరు మూసుకున్న. మల్లన్న నా కండ్లు తియ్యడు గద?"

నాగవ్వకు మొదట ఆ మాటలు విడివిడిగానే వినిపించాయి. తర్వాత అవన్నీ ఒక చోటికి చేరాయి. చెరుకు తోటలోంచి కళ్ళం దాకా పిల్లను ఎత్తుకొచ్చిన ఆ కాస్త దూరంలో, రక్తం కారుతుండగా, ఈయన పిల్ల చెవిలో చెప్పిన మాట అదన్న మాట. కుక్కను దాచాడని తెలిసినప్పుడు ఆమె గుండె మండింది. ఇప్పుడు మండలేదు. చల్లబడిపోయింది. ఈ పిల్ల రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచి కళ్ళు తడుముకుంటుంటే, జ్వరమనుకొని తను బండారి రాసింది.

నర్సు సూది పైకెత్తి గాలి తీసింది.

"జెర ఆగమ్మా" అంది నాగవ్వ. ఇంటినుంచి బయల్దేరాక మొదటిసారి ఆమె దేవన్న మొహంలోకి చూసింది.

"దానికి సెప్పు" అంది.

"నాగవ్వా..."

"నాకు గాదు. నా ముచ్చట తర్వాత. మల్లన్న గట్ల అనలేదని దానికి సెప్పు."

దేవన్న పిల్ల మొహం మీదికి వంగాడు. భజనలో ఊరంతా వినిపించే గొంతు ఆ మంచం అంచు దాటలేదు.

"మల్లన్న అనలేదు బిడ్డా. ఆయన ఎవ్వల కండ్లు తియ్యడు. నేనే అన్న. నేను అబద్ధమాడిన."

అంజవ్వ ఆయన్ని చూసింది. తల్లిని చూసింది. నిజమేనా అన్నట్టు తల్లి మొహంలో వెతికింది. నాగవ్వ తలూపింది. అప్పుడు పిల్ల ఆయన వేలు వదిలేసి, రెండు చేతులూ తల్లికి ఇచ్చింది.

"పట్టుకో పటేలా" అంది నాగవ్వ. "గట్టిగ పట్టుకో. మొహం తిప్పకు. రేపు గూడ నువ్వే పట్టుకోవాలె. ఎల్లుండి గూడ."

సూది దిగింది. ఇన్ని రోజులుగా నోట్లోనే ఆపుకున్న ఏడుపు ఏడ్చింది అంజవ్వ. వరండా చివర కూర్చున్నవాళ్ళు కూడా తిరిగి చూసేంత గట్టిగా ఏడ్చింది. నాగవ్వ ఊరుకోమనలేదు.